పనిచోట కాకిలెక్కలు వద్దనుకుంటే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవే. ఫ్యాక్టరీల్లో, క్వారీల్లో, జీడి యూనిట్లలో పనివాళ్ళ ఆరోగ్యం, భద్రత మీద అంకెలతో అధ్యయనం చేయబూనినవారు అడిగారు. పేర్లు తీసేశాం, ఉత్తరాలు కుదించాం.

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నాను. పలాస–కాశీబుగ్గ జీడి యూనిట్లలో ఆడవాళ్ళ చేతుల చర్మ సమస్యలు, ఒంటినొప్పుల మీద థీసిస్ చేద్దామని ఉంది. మా గైడు గారు "384 మందిని తీసుకో, సరిపోతుంది" అన్నారు. ఎవరి థీసిస్ తిరగేసినా ఇదే అంకె. నాకూ ఇదే సరిపోతుందా?
– విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: 384 ఎక్కడిదో ముందు చూడండి. 1.96ని (95 శాతం నమ్మకానికి వాడే అంకె) దానితోనే గుణిస్తే 3.8416. దాన్ని 0.5తో, మళ్ళీ 0.5తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. (మనిషిని ముక్కలు చేయలేం కనక 385 రాయాలి. 384 అనడం అలవాటైపోయింది.) ఈ లెక్క వెనక మూడు ఊహలున్నాయి. సమస్య సగం మందిలో ఉంది, అటూ ఇటూ 5 శాతం తేడా మనకు ఫర్వాలేదు, పనివాళ్ళందరి పేర్లూ ఒకే డబ్బాలో వేసి చీటీలు తీస్తున్నాం. మీ పనికి మూడోది అసలు నప్పదు. మీరు యూనిట్లకు వెళ్తారు, ఒక్కో యూనిట్లో కొందరిని చూస్తారు. ఒకే కప్పు కింద, ఒకే రకం పిక్క మీద, ఒకే మేస్త్రీ దగ్గర పనిచేసేవారి చేతులు ఒకదానికొకటి పోలి ఉంటాయి. అందుకే ఒక యూనిట్లో 20 మందిని చూసినా 20 మంది సమాచారం చేతికి రాదు.

దీనికి దిద్దుబాటు ఉంది. ఒక్కో యూనిట్లో ఎంతమందిని తీసుకుంటారో అందులోంచి ఒకటి తీసేసి, పోలిక గుణకంతో (ఒకే యూనిట్‌వారు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె) గుణించి, ఒకటి కలపాలి. వచ్చినదాంతో మామూలు లెక్కను గుణించాలి. పోలిక గుణకం 0.05 అనుకుందాం. యూనిట్‌కు 20 మందైతే 1.95, 10 మందైతే 1.45. చర్మ సమస్య 30 శాతం మందిలో ఉంటుందని, 6 శాతం తేడా చాలని అనుకుంటే మొదటి లెక్క 225. యూనిట్‌కు 20 మంది చొప్పున అది 439 అవుతుంది, 10 మంది చొప్పునైతే 327 చాలు. నూటికి పది మంది వద్దంటారనుకుని 327ని 0.9తో భాగిస్తే 364. అంటే 37 యూనిట్లు, యూనిట్‌కు పది మంది. తిరుగుడు ఎక్కువే, కానీ మనుషులు తగ్గుతారు. యజమాని తెలిసినవాడని ఒకే యూనిట్లో వంద ఫారాలు నింపుకొస్తే ఆ యూనిట్ సంగతి తెలుస్తుంది, పలాస సంగతి తెలియదు. ఈ 30 శాతం, 0.05 మేము ఉదాహరణకు వేసినవి. మీ అంకెలు పైలట్ (ముందుగా కొద్దిమందితో చేసి చూసే సర్వే) నుంచో, ఇలాంటి పని మీద అచ్చైన పరిశోధన నుంచో తెచ్చుకోండి.

అసలు "ఎంతమందిలో ఉంది" అని ఊరుకోకుండా, కటింగ్ చేసేవారికీ పొట్టు తీసేవారికీ పోలిక పెట్టండి. జీడిపిక్క డొక్కులోని నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాలుస్తాయి. ఆ నూనె అంటేది ఎక్కువగా పిక్క పగలగొట్టేవారికి. పొట్టు తీసేవారి చేతికి డొక్కు తీసేసిన పప్పే వస్తుంది. కాబట్టి వీరికీ వారికీ తేడా నూనె వల్లేనని చెప్పడానికి కాస్త ఆధారం దొరుకుతుంది. కటింగ్‌లో 40 శాతం, పీలింగ్‌లో 20 శాతం ఉంటుందనుకుంటే, 80 శాతం పట్టుశక్తికి (తేడా నిజంగా ఉంటే మన లెక్క దాన్ని పట్టుకునే అవకాశం) జట్టుకు 79 మంది. 1.45తో గుణిస్తే 115. మీ 364 మందిని చెరిసగం తీసుకుంటే, కొందరు వద్దన్నా ఈ పోలికకు సరిపోతారు. ప్రతి యూనిట్ నుంచీ రెండు జట్లనూ, అయిదుగురు చొప్పున తీసుకోవడం మరవకండి. కటింగ్ వాళ్ళు ఒక యూనిట్ నుంచి, పీలింగ్ వాళ్ళు ఇంకో యూనిట్ నుంచి వస్తే, తేడా పనిదో యూనిట్‌దో ఎవరూ చెప్పలేరు.

కొలతలో ఒక చిక్కుంది. జీడి నూనె వేళ్ళను నల్లగా చేస్తుంది. ఆ నలుపు జబ్బు కాదు. కానీ ఫారంలో "చేతులపై మార్పులు: ఉన్నాయి / లేవు" అని ఒక్క గడి పెడితే, ఫారం నింపే అమ్మాయి నల్లటి వేళ్ళు చూసి "ఉన్నాయి" మీద టిక్కు పెట్టేస్తుంది. కటింగ్ జట్టులో నూటికి తొంభై వచ్చి కూర్చుంటుంది. నలుపు, పొక్కు, పగులు, తోలు ఊడటం, మానని పుండు – దేని గడి దానికి వేయండి. చివరి నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటేనే సమస్య ఉన్నట్టు లెక్క అని ముందే రాసి పెట్టుకోండి. పైలట్‌లో ఇద్దరు పరిశీలకులు 30 మంది చేతుల్ని ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా చూడాలి. కప్పా విలువ (ఇద్దరి చూపూ ఎంత కలిసిందో చెప్పే అంకె) 0.6 దాటకపోతే ఫొటోలు పెట్టుకుని మళ్ళీ శిక్షణ. చేతులకు ఆముదమో బూడిదో రాసుకుంటున్నారా, గ్లవుజులు ఉన్నాయా, పిక్కను ఆవిరి పట్టించారా వేయించారా – ఇవీ రాయాలి. పిక్కను సిద్ధం చేసే పద్ధతి మారితే చేతికి అంటే నూనె కూడా మారుతుంది.

ఇక గంటలు. జీడి పనిలో కూలి చాలాచోట్ల కిలోల మీద. రిజిస్టర్లో కిలోలుంటాయి, గంటలుండవు. "రోజుకు ఎన్ని గంటలు చేస్తారు" అని అడిగితే అందరూ ఎనిమిదే అంటారు. దీనికో ఉపాయం. చేయి చురుకైనవారు, మధ్యస్థంగా చేసేవారు, కొత్తవారు – అయిదుగురు చొప్పున 15 మంది పనిని రెండు రోజులు గడియారం పట్టుకుని చూడండి. గంటకు ఎవరు ఎన్ని కిలోలు చేస్తున్నారో తేలుతుంది. ఆ వేగాలతో రిజిస్టర్లోని కిలోలను గంటలుగా మార్చుకోవచ్చు. పప్పు ఇంటికి తెచ్చుకుని పొట్టు తీసేవారుంటే ఆ గంటలు వేరుగా అడగాలి. ఎంతమందికి దెబ్బ తగిలిందో ఎవరైనా చెబుతారు. ఎన్ని గంటల పనిలో తగిలిందన్నదే ఎవరూ రాసిపెట్టరు. పరిశోధన మొదలయ్యేది అక్కడే.

చివరగా ఒకటి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో ఉద్దానం ఊళ్ళవారు ఉంటారు. కిడ్నీ జబ్బు ఉందా, వారానికి ఎన్ని నొప్పి మాత్రలు వేసుకుంటారు అన్న రెండు ప్రశ్నలు తప్పనిసరి. నీరసం, కాళ్ళు లాగడం కిడ్నీ వల్లా వస్తాయి, రోజంతా కటింగ్ మిషను తొక్కడం వల్లా వస్తాయి. ఆ రెండూ అడగకపోతే మీ పట్టికలో ఇవి కలిసిపోతాయి.

ప్రశ్న: పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. నిరుడు 9 ప్రమాదాలు. ఈ ఏడు మొదట్లో అందరికీ శిక్షణ ఇచ్చాం, 4కి తగ్గాయి. "శిక్షణతో 56 శాతం తగ్గుదల" అని రిపోర్టు రాయమంటున్నారు. రాయవచ్చా?

జవాబు: రాయకండి. రెండేళ్ళలోనూ పని గంటలు సమానమేననీ, శిక్షణ ఏమీ చేయలేదనీ కాసేపు అనుకోండి. అప్పుడు ఈ 13 ప్రమాదాల్లో ఒక్కొక్కటి నిరుటిదో ఈ ఏటిదో నాణెం ఎగరేసినట్టే. 13 సార్లు ఎగరేస్తే ఒక పక్క 4 లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం 0.13. ఏ పక్కైనా సరే అనుకుంటే 0.27. అంటే ఏ శిక్షణా ఇవ్వకపోయినా నాలుగేళ్ళకొకసారి ఇంత తేడా దానంతటదే కనిపించవచ్చు.

పైగా గంటలు సమానం కాకపోవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం ఫ్రీక్వెన్సీ రేటు అంటే పది లక్షల పని గంటలకు ఎన్ని గాయాలని. 250 మంది, 300 రోజులు, 8 గంటలు అంటే 6 లక్షల గంటలు. 9 గాయాలకు రేటు 15. ఈ ఏడు 50 మంది పర్మనెంట్ వాళ్ళు తగ్గి ఆ పని కాంట్రాక్టుకు పోయిందనుకోండి. గంటలు 4.8 లక్షలు, 4 గాయాలకు రేటు 8.3. తగ్గింది 56 కాదు, 44 శాతం. ఆ 50 మంది స్థానంలో వచ్చిన కాంట్రాక్టు కూలీల గాయాలు ఎవరి పుస్తకంలో ఉన్నాయో చూశారా? రియాక్టర్ లోడింగ్, డ్రమ్ముల మోత వాళ్ళకిచ్చేసి ప్రమాదాలు తగ్గాయంటే, అవి గేటు దాటి వేరే పుస్తకంలోకి వెళ్ళాయంతే. లవంలో ఎవరిని కలుపుతారో హారంలోనూ వారినే కలపాలి. మీ కంపెనీలో హారం దొరికేది గేటు పంచింగ్‌లో, జీతాల షీటులో కాదు.

ఇంకో మాట. శిక్షణ ఎప్పుడు పెడతారు? ప్రమాదాలు మరీ పెరిగిన ఏడాది తర్వాత. మరీ పెరిగిన ఏడాది తర్వాత వచ్చేది ఎలాగూ మామూలు ఏడాదే. ఆ ఖ్యాతి శిక్షణ ఖాతాలో పడుతుంది.

మరి ఏం చేయాలి? రేటు 15 నుంచి 7.5కు, అంటే సగానికి తగ్గిందని 80 శాతం పట్టుశక్తితో తేల్చాలంటే శిక్షణకు ముందు 31 లక్షల గంటలు, తర్వాత 31 లక్షల గంటలు కావాలి. ఏడాదికి 6 లక్షల గంటలు నడిచే ప్లాంటుకు అటు అయిదేళ్ళు, ఇటు అయిదేళ్ళ పైమాట. అన్నాళ్ళు ఎవరాగుతారు? కాబట్టి తరచుగా జరిగేదాన్ని లెక్కపెట్టండి. ఫస్ట్ ఎయిడ్ కేసులు పదింతలున్నాయనుకుంటే, పది లక్షల గంటలకు 150 నుంచి 75కు తగ్గడం అటు 3.1 లక్షల గంటలు, ఇటు 3.1 లక్షల గంటల్లో తేలుతుంది. అంటే చెరో ఆరు నెలలు. ఆ రిజిస్టరు నెలవారీగా రాయండి. శిక్షణకు ముందు పన్నెండు నెలల అంకెలైనా ఉండాలి, తర్వాత పన్నెండు. మీలాంటి పనే జరిగే ఇంకో బ్లాకుకు శిక్షణ ఆర్నెల్లు ఆలస్యంగా ఇవ్వగలిగితే అదే మీ పోలిక జట్టు. పక్కన పోలిక లేకుండా ముందు–తర్వాత మాత్రమే చూపితే, ఆ ఏడు వేసిన కొత్త ఎగ్జాస్ట్ ఫ్యానూ, తగ్గిన ఆర్డర్లూ అన్నీ శిక్షణలో కలిసిపోతాయి.

"తృటిలో తప్పింది" రిపోర్టులు శిక్షణ తర్వాత పెరుగుతాయి. పెరిగినందుకు కంగారు పడకండి, అవి పెరగాలి. వాటిని ప్రమాదాల మొత్తంలో మాత్రం కలపొద్దు. ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 88 కింద 48 గంటలు పనికి రాలేకపోతేనే నోటీసు పంపాలన్న లెక్కతో మీ పాత రిజిస్టర్లు నడిచి ఉంటాయి. 47వ గంటకు మనిషిని ఆటోలో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టే అలవాటు ఉన్నచోట ఆ అంకె భద్రతను కొలవదు. సెలవు రోజుల పట్టికలో "రెండు రోజులు" అన్నవి అనుమానం వచ్చేంత తక్కువగా ఉన్నాయేమో ఒకసారి చూడండి.

ప్రశ్న: విజయనగరం జిల్లాలో 2018 నుంచి ఫ్యాక్టరీ ప్రమాదాల ధోరణి గీస్తున్నాను. 2022 తర్వాత గీత ఒక్కసారి పైకి లేచింది. ఏం జరిగి ఉంటుంది?
– పీజీ విద్యార్థి, విజయనగరం

జవాబు: ముందు మ్యాపు చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. శ్రీకాకుళంలో ఉన్న రాజాం మీ జిల్లాలోకి వచ్చింది, జూట్ మిల్లులతో సహా. పార్వతీపురం వైపు మన్యం జిల్లాకు పోయింది. మీ గీతలో రెండు వేర్వేరు విజయనగరాలున్నాయి. మండలాలవారీ అంకెలు దొరికితే పాత అంకెల్ని కొత్త హద్దులకు సర్దండి. దొరక్కపోతే 2022 దగ్గర గీత తెంపేసి రెండు ముక్కలుగా చూపండి.

ప్రశ్న: నెల్లిమర్ల ప్రాంతంలోని ఒక జూట్ మిల్లు మగ్గాల షెడ్డులో ఫోన్ యాప్‌తో శబ్దం కొలిస్తే 94 డెసిబెల్స్ వచ్చింది. కార్మికుల వినికిడి మీద సర్వే చేయాలి. ఈ కొలత పనికొస్తుందా?

జవాబు: ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ తక్కువగా ఉంది అని ముందుగా షెడ్డంతా తిరిగి చూసుకోవడానికి పనికొస్తుంది. థీసిస్‌లో పట్టికగా వేయడానికి పనికిరాదు. ఫోన్ మైకు మాట పట్టడానికి చేసింది. గట్టి శబ్దం దగ్గర చాలా ఫోన్లు తమంతట తామే తగ్గించేస్తాయి. టైప్ 2 శబ్ద మీటరో, చొక్కా కాలరుకు తగిలించి మనిషికి తగిలిన మొత్తం శబ్దాన్ని లెక్కగట్టే డోసిమీటరో తీసుకోండి. పొద్దున్నా సాయంత్రం కాలిబ్రేటర్‌తో (1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్) సరిచూసి, ఆ రీడింగు నోట్‌బుక్‌లో రాయండి. మైకు చెవికి జానెడు దూరంలో, భుజం మీద ఉండాలి. గాలి ఉన్నచోట మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి.

అసలు సంగతి చోటు కొలత కాదు, మనిషి మోతాదు. ఒకతను మగ్గాల దగ్గర 95 డెసిబెల్స్‌లో 4 గంటలు, స్పిన్నింగ్‌లో 90లో 2 గంటలు ఉన్నాడనుకోండి. మన దేశంలో నడిచే పట్టిక ప్రకారం 90కి 8 గంటలు, 95కి 4, 100కి 2. ఆ లెక్కన అతని మోతాదు 100, 25 కలిపి 125 శాతం. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ సూచించే లెక్కలో ఆధారం 8 గంటలకు 85, ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. అప్పుడు 95కి అనుమతి 48 నిమిషాలే, 90కి సుమారు రెండున్నర గంటలు. అదే మనిషి మోతాదు 580 శాతం దాటుతుంది. చెవి ఒకటే, పని ఒకటే. ఏ పట్టిక వాడారో మొదటి పేజీలోనే చెప్పండి. డోసిమీటరు సెట్టింగులో 5 ఉందో 3 ఉందో చూడకుండా ఆన్ చేస్తే ఆ రోజు కొలత వృథా.

ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేసేముందు మనిషి 14 గంటలు శబ్దానికి దూరంగా ఉండాలి. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవారికి తాత్కాలికంగా తగ్గిన వినికిడి కూడా పర్మనెంట్ చెవుడిలా కనిపిస్తుంది. కనక పరీక్ష వారాంతపు సెలవు మర్నాడు పొద్దున్నే, షిఫ్టు ఎక్కకముందు పెట్టండి. పరీక్ష గదిలో మిల్లు హోరు వినిపిస్తే అది పరీక్ష గది కాదు. శబ్దం దెబ్బకు గుర్తుగా వినికిడి గీతలో 4000 హెర్ట్జ్ దగ్గర గుంత పడిందా అని చూస్తారు. కానీ వయసు, చెవిలో చీము, బాణసంచా, ఊరేగింపుల్లో డప్పు కొట్టే అలవాటు కూడా అడగండి. డప్పు సంగతి నవ్వులాటకు చెప్పడం లేదు.

ప్రశ్న: టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో 60 మందికి ప్రశ్నావళి ఇచ్చాం. "మీరు రక్షణ పరికరాలను ఎల్లప్పుడూ ధరిస్తారా" అంటే 57 మంది "ఎల్లప్పుడూ" అన్నారు. క్వారీలో మాకు ఒక్కరి ముక్కుకీ మాస్కు కనబడలేదు. ప్రశ్నావళి పారేయాలా?
– సామాజిక కార్యకర్త

జవాబు: ప్రశ్నావళి పారేయక్కర్లేదు, ఆ ప్రశ్న పారేయండి. "ఎల్లప్పుడూ", "సాధారణంగా", "అరుదుగా" అన్న మెట్లు పుస్తకం భాష. పైగా ఫారం పట్టుకున్న మనిషి పక్కన మేస్త్రీ నిలబడి ఉంటే దానికి ఉన్న సరైన జవాబు ఒక్కటే, అది వాళ్ళు చెప్పారు.

ఇలా మార్చి చూడండి. "నిన్న పనికి వచ్చారా? నిన్న డ్రిల్లు పట్టారా, రాయి కోశారా? ఆ టైములో ముక్కుకు ఏం కట్టుకున్నారు?" దానికింద గడులు: ఏమీ లేదు, తువ్వాలు, గుడ్డ మాస్కు, ఎన్95, రబ్బరు మాస్కు. ఆపైన "ఎంతసేపు – పూర్తిగా, సగం దాకా, కాసేపు". "మీ దగ్గర ఉన్న మాస్కు చూపిస్తారా?" అన్నది చివర. చూపించగలిగారా లేదా అన్నది మీరే రాసుకుంటారు, వాళ్ళను అడగరు. తువ్వాలును "ధరించారు" కింద కలపకండి. ఊపిరితిత్తుల లోతుకు చేరే సిలికా ధూళి దాన్ని సులువుగా దాటిపోతుంది. దీనికి తోడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గంటల్లో, అరగంట చొప్పున మీరే గమనించి లెక్క రాయండి. మొదటి రోజు గమనింపు లెక్కలోకి తీసుకోవద్దు. కొత్తవాళ్ళు చూస్తున్నారని ఆరోజు అందరూ కట్టుకుంటారు.

నొప్పుల భాగానికి 1987లో వచ్చిన నార్డిక్ ప్రశ్నావళి ఉంది. శరీరంలో తొమ్మిది భాగాలు, గత 12 నెలల్లో నొప్పి, గత 7 రోజుల్లో నొప్పి, నొప్పి వల్ల పని మానారా. దీన్ని తెలుగులోకి దించేటప్పుడు భుజం దగ్గరే తడబడతారు. ఒకరు భుజం అంటారు, ఒకరు జబ్బ, ఇంకొకరు రెక్కలు పీకుతున్నాయంటారు. ఆ రెక్కల్లో మోచెయ్యీ వస్తుంది, మణికట్టూ వస్తుంది. "నడుం" అంటే కొందరికి వెన్ను అడుగుభాగం, కొందరికి తుంటిదాకా. మనిషి బొమ్మ వెనక వైపుది గీసి, తొమ్మిది భాగాలకు రంగులేసి, వేలుతో చూపించమనండి. మాటల గొడవ అక్కడితో పోతుంది. ఒడిశా నుంచి వచ్చిన కూలీలుంటే ఒడియా ప్రశ్నావళి విడిగా కావాలి. ఒకరు తెలుగు నుంచి ఒడియాలోకి మార్చాలి, తెలుగు మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి తెలుగులోకి తేవాలి. రెండు తెలుగులూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో తెలుస్తుంది. అప్పటికప్పుడు మేస్త్రీ చేత చెప్పించుకోవడం అనువాదం కాదు.

ఊపిరితిత్తుల ప్రశ్నలుంటే బీడీ, చుట్టతో పాటు అడ్డపొగ కూడా అడగండి. మన కోస్తా ఊళ్ళలో నిప్పు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళు "చుట్ట తాగుతారా" అంటే లేదంటారు, "అడ్డపొగ పడతారా" అంటే అవునంటారు. ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అన్నదీ కావాలి.

ధూళి కొలవాలంటే నడుముకు పంపు, కాలరు దగ్గర సైక్లోను (ముతక ధూళిని వేరుచేసి సన్నటిదాన్నే లోపలికి పంపే చిన్న పరికరం), 37 మిల్లీమీటర్ల ఫిల్టరు. నైలాన్ సైక్లోను అయితే నిమిషానికి 1.7 లీటర్లు. 8 గంటలకు 816 లీటర్ల గాలి వెళుతుంది. నియోష్ సూచించే హద్దు ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు కనక, హద్దు దగ్గర ఫిల్టరు మీద పడే సిలికా 0.04 మిల్లీగ్రాములే. కాలేజీ ల్యాబులోని మామూలు త్రాసుకు అది అందదు. షిఫ్టుకు ముందూ తర్వాతా పంపు ప్రవాహం కొలవండి, 5 శాతం మించి తేడా వస్తే ఆ నమూనా వదిలేయండి. పది నమూనాలకు ఒకటి చొప్పున గాలి లాగని ఖాళీ ఫిల్టరును కూడా క్వారీకి తీసుకెళ్ళి తీసుకురావాలి. డబ్బు లేకపోతే ధూళి కొలత జోలికి పోకుండా పనుల్ని బట్టి – డ్రిల్లింగ్, కటింగ్, లోడింగ్, వంట, కాపలా – వర్గాలు చేసుకోండి. అరకొర కొలతకన్నా నిజాయితీగా చేసిన వర్గాలే నయం.

ప్రశ్న: గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసు కార్మికులు 180 మందిని సర్వే చేశాను. 15 ఏళ్ళు పైబడి పనిచేసినవారిలో ఫిర్యాదులు 5 ఏళ్ళవారికన్నా తక్కువ. అంటే అలవాటైపోతే జబ్బు రాదా? ఆఫీసు సిబ్బందితో పోలిస్తే ఫర్నేసు వారిలో ఆడ్స్ రేషియో 2.67 వచ్చింది. "2.67 రెట్లు ఎక్కువ" అని రాయవచ్చా?
– ఎంపీహెచ్ విద్యార్థి

జవాబు: మీరు సర్వే చేసింది మిగిలినవారిని. తట్టుకోలేనివారు మూడేళ్ళకో నాలుగేళ్ళకో మానేసి ఊరెళ్ళిపోయారు. పదిహేనేళ్ళు నిలబడ్డవాడు మొదటినుంచీ గట్టివాడే. కొందరిని ఒళ్ళు బాగాలేకే స్టోర్స్‌కో గేటుకో మార్చి ఉంటారు. వాళ్ళు ఇప్పుడు మీ లెక్కలో ఫర్నేసు వాళ్ళు కాదు, ఆఫీసు జట్టులో ఉన్నారు. కనక ఇప్పటి పని కాదు, చేరినప్పటినుంచీ ఏ ఏడు ఎక్కడ చేశారో వరసగా రాయించండి. ఫర్నేసు దగ్గర గడిపిన మొత్తం ఏళ్ళను బట్టి వర్గీకరించండి. వీలైతే పదేళ్ళ కిందటి మస్టరు రోలు పట్టుకుని, అందులోని పేర్లవారు ఇప్పుడు ఎక్కడున్నారో వెతకండి. మానేసినవారిలో సగంమందైనా చుట్టుపక్కల ఊళ్ళలో దొరికితే మీ థీసిస్ రంగే మారిపోతుంది. మాంగనీసు పొగ దెబ్బ నరాల మీద నెమ్మదిగా పడుతుంది. చేతివణుకు, నడక మారడం వచ్చినవాడు ఫర్నేసు దగ్గర ఉండడు, ఇంటి అరుగు మీద ఉంటాడు. ఫర్నేసు వేడిని కూడా కొలిచి ఉండాల్సింది. లోపలి పనికి తడి బల్బు ఉష్ణోగ్రతలో 0.7 వంతు, నల్ల గోళం ఉష్ణోగ్రతలో 0.3 వంతు కలిపితే వచ్చేదే డబ్ల్యూబీజీటీ అనే వేడి సూచీ. గది థర్మామీటరు దానికి బదులు కాదు.

2.67 సంగతి. మీ పట్టికలో ఫర్నేసు వారిలో 40 శాతం, ఆఫీసులో 20 శాతం ఉండి ఉండాలి. 40ని 20తో భాగిస్తే 2. అదే అవకాశాల నిష్పత్తిగా, అంటే 40కి 60, 20కి 80 అని వేస్తే 2.67. జబ్బు అరుదైనప్పుడు ఈ రెండూ దగ్గరగా ఉంటాయి, ఇలా నూటికి నలభై ఉన్నప్పుడు ఎడమవుతాయి. "రెట్లు" అనాలంటే ప్రివలెన్స్ రేషియో, అంటే పైన వచ్చిన 2 లాంటి శాతాల నిష్పత్తి, ఇవ్వండి. వయసు, పొగతాగడం లాంటివి సర్దడానికి ఆడ్స్ రేషియో ఇచ్చే లాజిస్టిక్ రిగ్రెషన్ బదులు, ప్రివలెన్స్ రేషియోనే ఇచ్చే పాయిసన్ రిగ్రెషన్‌ను రోబస్ట్ వేరియన్స్‌తో వాడండి. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో రెండు లైన్ల పని. మోడల్లో ఎన్ని అంశాలు పెడతారో కూడా చూసుకోండి. జబ్బున్నవారు 60 మందైతే ఆరు అంశాలు దాటకపోవడం మంచిది.

ప్రశ్న: యజమాని సర్వేకు అనుమతిస్తూ, "ఎవరేం చెప్పారో మాకూ ఒక కాపీ ఇవ్వాలి" అని షరతు పెట్టారు. ఒప్పుకోవచ్చా?
– లెక్చరర్, బొబ్బిలి

జవాబు: ఒప్పుకుంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, కార్మికులు నిజం చెప్పరు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఉద్యోగుల్ని, అంటే పైవాడి మాటకు లోబడి ఉండేవారిని, ప్రత్యేక రక్షణ కావలసినవారిగా చూస్తాయి. మొదటి సమావేశంలోనే యజమానికి చెప్పండి: మొత్తాల పట్టిక ఇస్తాం, పేర్లు ఇవ్వం. పట్టికలో కూడా అయిదుగురికన్నా తక్కువ ఉన్న గడి ఖాళీగా వదిలేస్తాం. బాయిలర్ దగ్గర పనిచేసేది ముగ్గురే అయితే "బాయిలర్, ఆయాసం: 1" అని రాయడం పేరు రాసినట్టే. ఫారం మీద పేరు బదులు నంబరు, నంబరూ పేరూ కలిపే కాగితం మీ బీరువాలో. సమ్మతి పత్రం చదువు రానివారికి చదివి వినిపించాలి. వేలిముద్ర వేయిస్తే పక్కన సాక్షి సంతకం కావాలి. ఆ సాక్షి సూపర్‌వైజరు కాకూడదు. సర్వేకు కూర్చున్న అరగంటకు కూలి ఎవరిస్తారో ముందే తేల్చుకోండి. కిలో లెక్కన పనిచేసే మనిషికి ఆ అరగంట అంటే చేతిలో డబ్బు పోవడమే, తొందరలో అన్నిటికీ "లేదు, లేదు" అని చెప్పి లేచిపోతుంది.